పత్తి చేనులో పులి దారి

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో విరూరు దాటి తెలంగాణ సరిహద్దు వైపు వెళ్తుంటే అడవి ఎక్కడ ముగిసి చేలు ఎక్కడ మొదలయ్యాయో చెప్పడం కష్టం. తెలుగు, మరాఠీ, గోండీ మూడూ ఒకే వాకిట్లో వినిపించే ఆ ఊళ్ళలో ఒకదాని శివారున మా మేనమామకు నాలుగెకరాల పత్తి చేను ఉంది. దానిని ఆనుకొని ఒక ఒర్రె పారుతుంది. గత కార్తికంలో నేను వెళ్ళినప్పుడు ఆ ఒర్రెలోని తడి ఇసుకలో ఆయన నాకు పులి అడుగులు చూపించాడు. ముందు నాలుగు వేళ్ళు, వెనుక వెడల్పాటి అరికాలి మెత్త, గోళ్ళ జాడ ఎక్కడా లేదు. కుక్క అడుగైతే వేళ్ళ ముందు గోళ్ళు గుచ్చుకున్న చుక్కలు కనిపిస్తాయి. ముద్రల అంచులు ఇంకా రాలిపోలేదు కనుక అవి ముందటి రాత్రివే అయి ఉండాలి. అడుగులు అటూ ఇటూ తారాడకుండా ఒర్రె వెంట తిన్నగా వచ్చి, గట్టు తగ్గిన చోట పైకెక్కి, పత్తి సాళ్ళ మధ్యకు దూరి, అవతల కంది వరుసలు దాటి అడవి వైపు తేలాయి. "ఏటా చేను నడుము దాకా పెరిగినంక వస్తది అల్లుడా, కట్టెలు పీకినంక రాదు" అన్నాడు మామయ్య. వన్యప్రాణుల కారిడార్ల గురించి, అంటే ఒక అడవి నుంచి మరో అడవికి జంతువులు నడిచే దారుల గురించి, నేను చదివిన పటాలలో వేటిలోనూ ఆ మాట లేదు.

ఆ పులి ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నదో ఊహించడం కష్టం కాదు. ఉత్తరాన చంద్రపూర్ జిల్లాలో సుమారు 1,727 చదరపు కిలోమీటర్ల తాడోబా-అంధారి పులుల అభయారణ్యం ఉంది. పడమట యవత్‌మాల్ జిల్లాలో టిపేశ్వర్ ఉంది, కానీ అది 150 చదరపు కిలోమీటర్లకు కూడా చేరదు. దక్షిణాన 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ ఉంది. ఈ మూడింటి నడుమ వార్ధా, పెన్‌గంగ, ప్రాణహిత నదులు, బొగ్గు గనులు, సిమెంటు కర్మాగారాలు, బల్లార్షా-కాజీపేట రైలు మార్గం, జాతీయ రహదారి, వీటన్నిటి సందుల్లో మా మామయ్య చేనులాంటివి కొన్ని వేలు ఉన్నాయి. తాడోబాలో పులులు కిక్కిరిసి ఉన్నాయి. కవ్వాల్‌లో చోటుంది, పులులు నిలవడం లేదు. వచ్చినవి చాలావరకు మధ్యలోని కాగజ్‌నగర్ అడవుల్లోనే ఆగిపోతున్నాయి. ఫాల్గుణ అని అటవీ శాఖ వారు పిలుచుకున్న ఆడపులి మహారాష్ట్ర వైపు నుంచి వచ్చి ఆ అడవుల్లోనే పిల్లలను పెట్టింది. దారి అనుకున్నది ఇల్లయింది.

పులిపిల్ల రెండేళ్ళ వయసుకు తల్లిని విడిచి సొంత చోటు వెతుక్కుంటుంది. మగపిల్ల మరింత దూరం పోతుంది, ఎందుకంటే దగ్గరలోని చోటంతా పెద్ద మగపులుల ఏలుబడిలో ఉంటుంది. టిపేశ్వర్‌లో పుట్టిన ఒక మగపులికి 2019 ఫిబ్రవరిలో భారత వన్యప్రాణి సంస్థ పరిశోధకులు రేడియో కాలర్, అంటే అది ఎక్కడుందో సంకేతాలు పంపే మెడపట్టీ, తొడిగారు. అది వాన కాలం మొదట్లో బయలుదేరి, మన ఆదిలాబాద్ జిల్లాలోనూ తిరిగి, ఐదు నెలల్లో దాదాపు 1,300 కిలోమీటర్లు నడిచి, ఆ డిసెంబరులో బుల్ఢాణా జిల్లాలోని జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. కాలర్ తీసేనాటికి దాని నడక మొత్తం 3,000 కిలోమీటర్లు దాటింది. అంత దూరంలో అధిక భాగం అడవి కాదు, చేలు, వాగులు, ఊళ్ళ పొలిమేరలు. పగలంతా పంటలోనో వాగు పొదల్లోనో పడుకుని, రాత్రి నడిచేది.

ఇలాంటి నడకలు ఆగిపోతే ఏమవుతుందో ఒడిశాలోని సిమిలిపాల్ చెబుతుంది. అక్కడి పులులు ఇతర పులులకు దూరమై, కొద్దిపాటి సంఖ్యతో, తమలో తామే జతకట్టుకుంటూ వచ్చాయి. ఫలితంగా మూడింట ఒక వంతుకు పైగా పులులకు చారలు వెడల్పై, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఒళ్ళు నల్లబడింది. టాక్‌పెప్ అనే ఒకే ఒక్క జన్యువులోని మార్పు దీనికి కారణమని బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రానికి చెందిన ఉమా రామకృష్ణన్ బృందం 2021లో తేల్చింది. నల్లపులి చూడటానికి అబ్బురమే, కానీ అది బందీ అయిన వంశానికి గుర్తు. ఒక తరానికి కనీసం ఒక కొత్త జంతువు వచ్చి కలిసినా ఇలాంటి నష్టం చాలావరకు తగ్గుతుందని జన్యుశాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు. సిమిలిపాల్‌కు ఆ కొత్త రక్తం నడిచి వచ్చే దారి లేదు. అందుకే 2024 చివరలో తాడోబా నుంచి రెండు ఆడపులులను పట్టి, మత్తు ఇచ్చి, వాహనాలలో అంత దూరం తీసుకెళ్ళి విడిచిపెట్టారు. వాటిలో ఒకటి అక్కడ నిలవక జార్ఖండ్ మీదుగా పశ్చిమ బెంగాల్ దాకా వెళ్ళిపోయింది, మళ్ళీ పట్టి తీసుకురావలసి వచ్చింది. విరూరు ఒర్రెలో ఖర్చు లేకుండా జరిగే పని అక్కడ అంత హంగామా అయింది.

మరి ఈ దారులను పటంలోకి ఎలా ఎక్కిస్తారు? మొదట నేలనంతా చిన్న చిన్న గళ్ళుగా విడగొడతారు. ఒక్కో గడి దాటడానికి జంతువుకు ఎంత కష్టమో ఒక అంకె వేస్తారు: దట్టమైన అడవికి తక్కువ, చేనుకు కొంచెం ఎక్కువ, రోడ్డుకు ఇంకా ఎక్కువ, ఊరికీ గనికీ బాగా ఎక్కువ. ఈ అంకెలు గాలిలోంచి రాకూడదు. కాలర్ పంపిన స్థానాలు, జంతువు ఎదుటికి రాగానే వాటంతటవే ఫొటో తీసే కెమెరా ట్రాపుల చిత్రాలు, అడుగుజాడలు, మలం నుంచి తీసిన డీఎన్ఏ ఆధారంగా నిర్ణయించాలి. ఆ తరువాత రెండు అడవుల మధ్య అన్నిటికంటే తక్కువ కష్టం ఉన్న దారిని కంప్యూటరు వెతుకుతుంది. జాతరకు బండి కట్టినవాడు దగ్గరి దారి చూడడు, వాగుకు రేవు ఉన్న దారి చూస్తాడు, లెక్క అదే.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. అన్నిటికంటే తేలిక దారి ఎంచుకోవాలంటే ముందే నేలంతా తెలిసి ఉండాలి, కానీ కొత్త చోటికి పోతున్న పులికి మొత్తం పటం తెలియదు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి అమెరికా శాస్త్రవేత్త బ్రాడ్ మెక్‌రే 2000ల దశకంలో విద్యుత్తు సూత్రాన్ని తెచ్చాడు. నేలను ఒక పెద్ద సర్క్యూట్ అనుకుని, ఒక అడవి నుంచి మరో అడవికి కరెంటు పారిస్తే అది ఒకే తీగలో పోదు, దొరికిన దారులన్నిటిలోకీ పంచుకుని పోతుంది. దారులు ఎక్కువున్న చోట పలచగా పారుతుంది, ఒక్క దారే మిగిలిన చోట ఇరుక్కుని ఉధృతమవుతుంది. పటంలో మండుతున్నట్లు కనిపించే ఆ ఇరుకు చోట్లే ముందుగా కాపాడుకోవలసినవి, ఎందుకంటే అక్కడ ఒక గోడ కట్టినా, ఒక గని తవ్వినా మరో దారి లేదు.

2014లో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ, భారత వన్యప్రాణి సంస్థ కలిసి దేశంలో 32 ప్రధాన కారిడార్లను గుర్తించి పటాలు వేశాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38-ఓ సెక్షన్ ప్రకారం పులుల అభయారణ్యాలను కలిపే ప్రాంతాలను, ప్రజా ప్రయోజనం ఉండి జాతీయ వన్యప్రాణి బోర్డు ఆమోదిస్తే తప్ప, పర్యావరణానికి చేటు చేసే పనులకు మళ్ళించకూడదు. ఇది మంచి రక్షణే, కానీ దానితో పటంలో కారిడార్ చుట్టూ గీసిన గీతకు ఒక విచిత్రమైన బలం వచ్చింది: గీత లోపలున్నది దారి, బయటున్నది వట్టి నేల. పులి ఆ గీతను చదవలేదు.

నా అభ్యంతరం గీతతోనే ఆగదు. ఈ పటాలకు సంవత్సరం ఉంటుంది, నెల ఉండదు. ఉపగ్రహ చిత్రంలో చేను అని ఒకే రంగు పడిన నేల ఆషాఢంలో బోసి నేల, కార్తికంలో మనిషి ఛాతీ దాకా పెరిగిన పత్తి, ఫాల్గుణంలో మళ్ళీ బోసి నేల. పులికి ఈ మూడూ ఒకటి కావు. పెన్‌గంగ కూడా అంతే: వేసవిలో మోకాలి లోతు, శ్రావణంలో గోడ. కాలాన్ని బట్టి దాటే కష్టం మారుతుంటే ఏడాది పొడవునా ఒకే అంకె వేయడం సరికాదు. పులికి చాటు దొరికే ఆ నెలల్లోనే ఆడవాళ్ళు వంగి పత్తి ఏరుతుంటారు. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేనులో ఒక మహిళ పులి దాడిలో చనిపోయింది. నెల తెలిసిన పటం ఉంటే ఏ శివారులో ఎప్పుడు గుంపుగా, పొద్దెక్కాక మాత్రమే చేనుకు వెళ్ళాలో ముందే చెప్పవచ్చు. అడవిపందుల కోసం గట్టు చుట్టూ కరెంటు తీగ పెట్టేదీ ఆ నెలల్లోనే. అది పందినీ పులినీ పక్క చేను రైతునూ ఒకే రీతిన చంపుతుంది.

రోడ్డూ రైలూ మాత్రం అన్ని నెలల్లోనూ అడ్డమే. 2018 నవంబరులో చంద్రపూర్ దగ్గర జునోనా అడవిలో మూడు పులిపిల్లలు రైలు కింద పడ్డాయి. రోడ్డుకు ఉపాయం ఉందని మహారాష్ట్ర-మధ్యప్రదేశ్ సరిహద్దులోని పెంచ్ అడవిలో 44వ జాతీయ రహదారి చూపించింది. అక్కడ మహారాష్ట్ర వైపు రోడ్డును తొమ్మిది చోట్ల పైకెత్తి జంతువులకు కింద దారి వదిలారు. వాటిలో పెద్దదాని వెడల్పు 750 మీటర్లు. 2019లో పది నెలలపాటు కెమెరాలు పెట్టి చూస్తే 18 జాతుల జంతువులు వాటి కింద నుంచి నడిచాయి, పులులే 89 సార్లు కనిపించాయి.

ఒక జంతువు కోసం వేసిన పటం మరొక జంతువుకు పనికిరాకపోవచ్చు. 2021లో ఒడిశా ఏనుగుల మంద ఛత్తీస్‌గఢ్ మీదుగా గడ్చిరోలికి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో ఒక మగ ఏనుగు ప్రాణహిత దాటి కుమ్రం భీం జిల్లాలోకి రాగా, రెండు రోజుల్లో ఇద్దరు రైతులు చనిపోయారు. అడవి ఏనుగు తమ చేనులోకి వస్తుందని ఊహించినవారు ఆ ఊళ్ళలో లేరు. పులి కారిడార్ పటం వారికి ఆ హెచ్చరిక ఇవ్వలేదు.

కారిడార్ అనే మాట వింటే ఈ ఊళ్ళలో భయం. 2025 మే నెలలో తాడోబా, కవ్వాల్ మధ్య పులుల కారిడార్‌లోని అడవులను కుమ్రం భీం సంరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ తెలంగాణ ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది. ఆదివాసీల నిరసనతో జూలైలోనే దానిని నిలిపివేసింది. ఊళ్ళు ఖాళీ చేయిస్తారన్న అనుమానం నేల మీద ఉన్నంతకాలం కాగితం మీద ఏ గీతా నిలవదు. మా మామయ్యకు పులి ఎప్పుడు వస్తుందో తెలుసు. ఆయన చేను ఏ పటంలో ఏ రంగులో ఉందో ఎవరూ చెప్పలేదు.

మొన్న ఫాల్గుణంలో మళ్ళీ వెళ్ళాను. పత్తి కట్టెలు పీకి గట్టున కుప్ప వేశారు. ఒర్రె ఎండిపోయి ఇసుకలో నక్క అడుగులు, ముంగిస అడుగులు తప్ప ఏమీ లేవు. గులాబీ పురుగుతో విసిగిపోయానని, వచ్చే ఏడు పత్తి మాని సోయా వేస్తానని, పక్క చేలవాళ్ళూ అదే అంటున్నారని మామయ్య చెప్పాడు. సోయా మోకాలి ఎత్తు దాటదు, దసరా నాటికి కోతకు వస్తుంది. ఆ శివారులో ఎవరూ ఒక్క చెట్టు కొట్టరు, ఒక్క గోడ కట్టరు. కార్తికం నాటికి మాత్రం ఒర్రె గట్టు ఎక్కిన పులికి అడవి దాకా చాటు ఉండదు.