శుక్లం ఆపరేషన్‌లో కంట్లో పెట్టిన లెన్స్ జారితే: పేషెంట్లు చెప్పేవి, నిజంగా జరిగేవి

అపోహ: బరువెత్తారు, తల వంచారు, అందుకే లెన్స్ ఊడిపోయింది.

రెటీనా సర్జన్‌గా నేను ఎక్కువసార్లు వినేది ఇదే. అదీ పేషెంట్ నోట కాదు, పక్కనున్న కొడుకో కోడలో అంటారు, "చెప్తే వినలేదండీ, నీళ్ల బిందె ఎత్తింది" అని. పాపం ఆ పెద్దావిడేమో నేరం చేసినట్టు కూర్చుంటుంది. ఆవిడ తప్పేం లేదు. శుక్లం ఆపరేషన్‌లో మసకబారిన లెన్స్‌ని తీసేసి, దాని పైపొర సంచిని మాత్రం ఉంచి, కొత్త లెన్స్ అందులో పెడతాం. ఆ సంచిని చుట్టూతా జోన్యూల్స్ అనే సన్నటి పోగులు పట్టుకుని ఉంటాయి. ఆపరేషన్ అయిన ఎనిమిదేళ్లకో పదేళ్లకో లెన్స్ జారిందంటే చాలామందిలో ఈ పోగులు ఏళ్ల తరబడి సడలుతూ వచ్చి ఇప్పుడు వదిలేశాయని అర్థం. అప్పుడు లెన్స్ సంచితో సహా జారుతుంది. ఉట్టి తాళ్లు తెగితే కుండ కింద పడినట్టే, కుండలో లోపమేం ఉండదు. వయసుతోపాటు కంట్లో తెల్లటి పొట్టులాంటిది పేరుకునే సూడో ఎక్స్‌ఫోలియేషన్ ఉన్నవాళ్లకి, పెద్ద మైనస్ పవర్ వాళ్లకి, అంతకుముందు రెటీనా ఆపరేషన్ అయినవాళ్లకి, పుట్టుకతోనే ఒంట్లో పట్టు కణజాలం బలహీనంగా ఉండే మార్ఫాన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి ఈ ముప్పు ఎక్కువ. కంటికి గట్టి దెబ్బ తగిలితే ఎవరికైనా జారొచ్చు.

అపోహ: ఖరీదైన లెన్స్ అయితే జారదు.

లక్ష రూపాయల లెన్స్ అయినా, క్యాంపులో ఉచితంగా వేసిందైనా వేలాడేది అవే పోగుల మీద. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

అపోహ: మొదట చేసిన డాక్టరే చెడగొట్టాడు.

ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనో వారాల్లోనో జారితే మాత్రం ఇది అడగాల్సిన ప్రశ్నే. సంచి వెనకపొర ఆపరేషన్ మధ్యలో చిరగొచ్చు, ఎంత అనుభవం ఉన్న చేతుల్లోనైనా జరుగుతుంది. కానీ చిరిగాక ఏ లెన్స్ ఎక్కడ పెట్టారన్నది ముఖ్యం. మామూలు సింగిల్ పీస్ ఫోల్డబుల్ లెన్స్‌ని (పట్టుకునే కాళ్లతో సహా ఒకే ముక్కగా ఉండి, మడిచి పెట్టేది) సంచిలో కాకుండా దాని ముందు పెడితే అది ఐరిస్‌ని, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు భాగాన్ని, రాస్తూ ఉంటుంది, వాపు, రక్తస్రావం, కంటి ప్రెజర్ అన్నీ వస్తాయి. అక్కడికి సన్నటి కాళ్లు విడిగా అమర్చిన త్రీ పీస్ లెన్స్ కావాలి. నా అభిప్రాయం అడిగితే, పొర చిరిగిన సంగతి ఆ రోజే ఇంట్లోవాళ్లకి చెప్పి డిశ్చార్జ్ కాగితంలో రాయాలి. ఇంకో సర్జన్ చెబితే తెలియడం ఎవరికీ మంచిది కాదు.

అపోహ: లెన్స్ కింద పడింది, ఈ రాత్రికే తీయకపోతే చూపు పోతుంది.

టెన్షన్ అర్థమవుతుంది, నిన్న పేపర్ చదివిన మనిషికి ఇవాళ ఎదుటివాళ్ల మొహం కనబడట్లేదు కదా. అయితే కన్ను ఎర్రబడకుండా, నొప్పి లేకుండా ఉంటే, రెటీనా బాగుంటే, వెనక పడిన లెన్స్ అప్పటికప్పుడు హాని చేయడం తక్కువ. స్కాన్ చేసి, కార్నియా (కంటి ముందుండే అద్దంలాంటి పొర) కణాలు లెక్కబెట్టి, కొత్త లెన్స్ పవర్ చూసుకుని, షుగర్ అదుపులోకి తెచ్చుకునేంత టైం ఉంటుంది. చాలామందికి ప్లస్ పది దగ్గర అద్దం కంటి ముందు పెడితే అక్షరాలు కనబడతాయి, అది చూశాక సగం భయం పోతుంది. ఆపరేషన్‌కి ఒళ్లు సహకరించని పెద్దవాళ్లు ఆ అద్దాలతోనో కాంటాక్ట్ లెన్స్‌తోనో గడపొచ్చు, కాకపోతే చెకప్ మానకూడదు.

ఆగకూడనివి ఇవి: లెన్స్ ముందుకొచ్చి కార్నియాకి తగలడం, బాగా నొప్పి, ఎరుపు, మెరుపులు, చూపులో ఒక పక్కనుంచి నల్లటి తెర కమ్ముకురావడం.

అపోహ: చుక్కల మందుతోనో లేజర్‌తోనో సర్దుకుంటుంది.

సర్దుకోదు. లేజర్ వెనకపొర మసకబారినప్పుడు చేస్తాం, జారిన లెన్స్‌ని అది పైకి లేపదు.

అపోహ: పడిన లెన్స్‌ని పైకి తీసి మళ్లీ అక్కడే పెట్టేస్తారు.

పెట్టడానికి అక్కడ ఆధారం ఏది? ఇక్కడే పని పెద్దదవుతుంది. ముందు విట్రెక్టమీ చేయాలి, అంటే కంట్లో జెల్లీని తీసేయాలి. అది తీయకుండా లెన్స్‌ని లాగితే జెల్లీతోపాటు రెటీనా కూడా లాగబడి చిరుగుతుంది. ఆ తర్వాత లెన్స్‌ని పైకి తెచ్చి, పనికొస్తే దాన్నే కంటి తెల్లగుడ్డుకి బిగిస్తాం, లేదంటే తీసేసి వేరేది పెడతాం. కుట్టు వేసే పద్ధతి పాతది. 10-0 ప్రోలీన్ అనే చాలా సన్నటి కుట్టు దారం కొన్నేళ్లకి తెగిపోవడం చూశాక చాలామంది లావు దారాలకి మారారు. చెన్నైలో డాక్టర్ అమర్ అగర్వాల్ 2007లో లెన్స్ కాళ్లని తెల్లగుడ్డులో దూర్చి ఫైబ్రిన్ అనే, కణజాలాన్ని అతికించే జిగురుతో మూసే గ్లూడ్ ఐఓఎల్ (ఐఓఎల్ అంటే కంట్లో పెట్టే లెన్స్) పద్ధతి మొదలుపెట్టారు. జపాన్ సర్జన్ యమానే 2017లో ప్రచురించిన పద్ధతిలో కుట్టూ లేదు, జిగురూ లేదు. సన్నటి సూది గుండా కాళ్లని బయటికి తెచ్చి, కొసల్ని వేడితో ఉబ్బేలా చేసి లోపలికి నొక్కేస్తారు. దీనికి త్రీ పీస్ లెన్స్ ఉండాలి. ఐరిస్‌కి పట్టుకునే ఐరిస్ క్లా లెన్స్ త్వరగా అయిపోతుంది, కానీ కోత కాస్త పెద్దది, ఐరిస్ బాగుండాలి. వీటిలో ఒకటి మిగతావాటన్నిటికంటే గొప్పదని తేలలేదు. యూట్యూబ్‌లో చూసి "మాకు యమానే చేయండి" అనేవాళ్లకి నేను చెప్పేది, పద్ధతి పేరు కాదు, ఆ సర్జన్ చేయి దేనిలో తిరిగిందో అడగండి అని.

అపోహ: మొదటిసారిలాగే పది నిమిషాల్లో అయిపోతుంది, మర్నాడే చూపు వస్తుంది.

ఇది శుక్లం ఆపరేషన్ కాదు. చూపు కుదురుకోవడానికి వారాలు పట్టొచ్చు, అద్దాలు దాదాపు తప్పవు. మాక్యులా (రెటీనా మధ్యభాగం) వాపు, ప్రెజర్ పెరగడం, లెన్స్ కొంచెం వంకరగా కూర్చోవడం, అరుదుగా రెటీనా ఊడటం ఉంటాయి. అలాగని "రెండోసారి చేస్తే చూపు రాదు" అన్నదీ తప్పే. రెటీనా, కంటి నరం బాగున్నవాళ్లలో ఎక్కువమందికి మంచి చూపే వస్తుంది.

వచ్చేటప్పుడు పాత డిశ్చార్జ్ కాగితం తెండి. అందులో అతికించిన లెన్స్ స్టిక్కర్‌లో మోడల్, పవర్ ఉంటాయి, దాన్నిబట్టి ఉన్న లెన్స్‌నే వాడుకోవచ్చో లేదో ముందే తెలుస్తుంది. అలాగే సూడో ఎక్స్‌ఫోలియేషన్ అని తేలితే రెండో కన్ను కూడా చుక్కలు వేసి చూపించుకోండి, అందులో లెన్స్ వేయించుకుని ఎన్నేళ్లయినా సరే.