ఒక్క బటన్ పనిచేయకపోతే రిమోట్ మార్చేయకండి: అపోహలు - వాస్తవాలు

“అప్‌డేట్ చేశాక రిమోట్ పనిచేయడం లేదు. వెంటనే సరిచేయండి.” ఒక ఓపెన్ సోర్స్ మీడియా సెంటర్‌లో (టీవీ తెర మీద సినిమాలు, పాటలు నడిపే, కోడ్ అందరికీ అందుబాటులో ఉండే ప్రోగ్రామ్‌లో) రిమోట్లకు సంబంధించిన భాగం చూసుకునే నాకు ఇలాంటి ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి. రాసినవారి అవస్థ అర్థమవుతుంది. కానీ ఆ రెండు ముక్కలతో ఎవరూ ఏమీ చేయలేరు.

అపోహ: తెర మీద ఏమీ కదలలేదంటే తప్పు ఆ ప్రోగ్రామ్‌దే.

వాస్తవం: జనం డబ్బూ కాలమూ ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. బటన్ నొక్కాక ఆ సంకేతం చాలా చేతులు మారుతుంది. చాలా రిమోట్లు ఇన్‌ఫ్రారెడ్ కాంతిని సెకనుకు దాదాపు 38 వేల సార్లు మినుకుమనిపిస్తూ కోడ్ పంపుతాయి. రిసీవర్ అందుకున్న ఆ పల్సులను లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి భాగం) స్కాన్‌కోడ్‌గా, అంటే ఆ బటన్‌ను గుర్తించే సంఖ్యగా మారుస్తుంది. కీమ్యాప్ అనే పట్టిక ఆ స్కాన్‌కోడ్‌కు ఒక కీని కేటాయిస్తుంది. ఆ కీ డిస్‌ప్లే సర్వర్ (తెరనూ కీలనూ ప్రోగ్రామ్‌లకు అందించే సాఫ్ట్‌వేర్) గుండా ప్రోగ్రామ్‌కు చేరుతుంది. ప్రోగ్రామ్ మళ్లీ తన సొంత కీమ్యాప్ చూసుకుంటుంది. వీటిలో ఎక్కడ తెగినా మీకు కనిపించేది ఒకటే: ఏమీ జరగలేదు.

అందుకే మొదటినుంచి వరసగా చూసుకుంటూ రండి. ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు రిమోట్ పెట్టి బటన్ నొక్కితే చాలా ఫోన్లలో లేత ఊదా మెరుపు కనిపిస్తుంది. కనిపించిందా, రిమోట్ బాగున్నట్టే. తర్వాత ఐఆర్-కీటేబుల్ (ir-keytable) అనే లినక్స్ కమాండ్‌ను టెస్ట్ మోడ్‌లో నడిపి స్కాన్‌కోడ్ వస్తోందేమో, ఈవీటెస్ట్ (evtest) అనే మరో కమాండ్‌తో కీ వస్తోందేమో చూడండి. రెండూ వచ్చి, ప్రోగ్రామ్ డీబగ్ లాగ్‌లో (అది చేసిన పనులన్నీ రాసుకునే ఫైలులో) మాత్రం ఏమీ పడకపోతే తెగింది ఆ మధ్యలోనే.

ఒకాయనకు బాణాల బటన్లన్నీ పనిచేస్తున్నాయి, ఓకే బటన్ ఒక్కటే పనిచేయడం లేదు. కొత్త రిమోట్ కొన్నారు, సిస్టమ్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు. ఫలితం లేదు. చివరికి “నాకు ప్రోగ్రామింగ్ రాదండీ, ఏమీ అనుకోకండి” అంటూ ఈవీటెస్ట్ చూపించిన నాలుగు వరసలు పంపారు. అందులో 352 అని ఉంది. కెర్నల్‌లో ఓకే కీ సంఖ్య అది. ఆయన వాడుతున్న ఎక్స్11 అనే డిస్‌ప్లే సర్వర్‌లో కీకోడ్ (కీ సంఖ్య) 255 దాటకూడదు. కాబట్టి ఆ కీ దారిలోనే రాలిపోతోంది. కీమ్యాప్‌లో ఆ స్కాన్‌కోడ్‌కు ఎంటర్ కీ కేటాయిస్తే సరిపోయింది. మారింది ఒక్క వరస. ఆ ప్యాచ్ (కోడ్‌లో చేసిన సవరణ) ఆయన చేతనే పంపించాను. కమిట్ చరిత్రలో, అంటే కోడ్‌లో చేసిన మార్పుల జాబితాలో, ఆయన పేరే ఉంది.

అపోహ: ఒకసారి నొక్కితే రెండుసార్లు కదులుతోందంటే రిమోట్ పాడైనట్టే.

వాస్తవం: తరచూ అదే నొక్కు రెండు దారుల్లో వస్తుంటుంది. కెర్నల్ దాన్ని కీగా అందిస్తుంది, పక్కన నడుస్తున్న లిర్క్ డెమన్ (రిమోట్ సంకేతాలను చదివే మరో నేపథ్య ప్రోగ్రామ్) కూడా అందిస్తుంది. ఒకదాన్ని ఆపి చూడండి. ఫిర్యాదులో బటన్‌ను నొక్కి పట్టుకున్నారో, నొక్కి వదిలేశారో తప్పక రాయండి. ఎన్‌ఈసీ అనే సంకేత పద్ధతి వాడే రిమోట్లు బటన్ పట్టుకున్నంతసేపూ దాదాపు 110 మిల్లీసెకన్లకోసారి రిపీట్ సంకేతం పంపుతాయి. ఆ బగ్ దారే వేరు.

అపోహ: మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అన్నీ కుదురుకుంటాయి.

వాస్తవం: ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, దానివల్ల లాగ్ కూడా చెరిగిపోతుంది. ముందు లాగ్ దాచుకోండి.

అపోహ: వేరొకరి ఫిర్యాదు కింద “నాకూ అంతే” అని రాస్తే చాలు.

వాస్తవం: లక్షణం ఒకటైనా కారణం వేరు కావచ్చు. మీ రిసీవర్, కెర్నల్ వెర్షన్, స్కాన్‌కోడ్ రాయండి.

అపోహ: కోడ్ రాయలేనివారు సాయం చేయలేరు.

వాస్తవం: పాత వెర్షన్‌లో పనిచేసి కొత్తదానిలో ఆగిపోతే, మార్పుల జాబితాను సగం సగం చేస్తూ వెతికే గిట్ బైసెక్ట్‌తో వెయ్యి కమిట్లలో దోషిని సుమారు పది పరీక్షల్లో పట్టుకోవచ్చు. ఆ పరీక్షలు చేయగలిగేది ఆ రిమోట్ చేతిలో ఉన్నవారే. నా దగ్గర అన్ని రిమోట్లూ ఉండవు. సరిచేసిన బిల్డ్ (నడపడానికి సిద్ధంగా ఉన్న ప్రోగ్రామ్) ఇచ్చాక దయచేసి ఒకసారి నడిపి, పనిచేసిందో లేదో రాయండి. ఆ ఒక్క జవాబు రాక ఆగిపోయిన ప్యాచ్‌లు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.