ఏడాదంతా కాసే స్ట్రాబెర్రీ హైదరాబాద్‌లో ఉంటుందా? మిద్దెతోట అపోహలు - వాస్తవాలు

వానలు తగ్గగానే మా నర్సరీకి వచ్చేవాళ్లలో సగం మంది అడిగేది ఒకటే: "అన్నా, ఏడాదంతా కాసే రకం ఉందా?" అందుకే ముందు దాని సంగతే చూద్దాం.

అపోహ: డే న్యూట్రల్ రకం కొంటే పన్నెండు నెలలూ కాయలే.

ఆల్బియాన్, శాన్ ఆండ్రియాస్ లాంటి రకాలు ఈ మాట మీదే అమ్ముడుపోతాయి. చాండ్లర్, కామరోసా, స్వీట్ చార్లీ, వింటర్ డాన్ వంటివి పగలు తగ్గి, వాతావరణం చల్లబడితేనే మొగ్గ కడతాయి. డే న్యూట్రల్ రకాలకు పగటి పొడవుతో పని లేదు. ఎండాకాలంలో పదిహేను, పదహారు గంటలు వెలుతురుండే దేశాల్లో ఈ తేడాకు విలువుంది. హైదరాబాద్‌లో జూన్ నెలలో కూడా పగలు 13 గంటలకు కాస్త పైన, అంతే. మనకు అడ్డొచ్చేదల్లా వేడి. రోజూ 30 డిగ్రీలు దాటుతుంటే డే న్యూట్రల్ రకం కూడా పూత ఆపేస్తుంది. మార్చి వచ్చేసరికి మన డాబాల మీద ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కాబట్టి ఇక్కడ ఏ రకం పెట్టినా కాపు డిసెంబరు నుంచి మార్చి దాకానే. ఆ పేరు కోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

మరి రకం ఎంచుకునేటప్పుడు చూడాల్సిందేమిటి? ఎంత తొందరగా కాపుకొస్తుందో అది. చలి శివరాత్రికి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఆలోపే పండ్లు చేతికి రావాలి. స్వీట్ చార్లీ, వింటర్ డాన్ రెండూ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం తీసిన రకాలు. అక్కడి చలికాలమూ తేలికే, అందుకే ఇవి తొందరగా పూతకొస్తాయి. దసరా వానలు తెరిపిచ్చాక, అక్టోబరులో నాటితే సంక్రాంతికి పండ్లు తినొచ్చు. పువ్వు విచ్చాక పండు కావడానికి దాదాపు నెల పడుతుంది, ఆ లెక్కన డిసెంబరు చివర నాటేవాళ్లకు మిగిలే చలి ఎంతో మీరే చూసుకోండి.

అపోహ: మార్కెట్లో దొరికే పెద్ద కాయల రకమే ఇంటికీ మంచిది.

డిసెంబరు నుంచి బండ్ల మీద కనిపించే డబ్బాల్లో ఎక్కువ మహారాష్ట్రలోని మహాబలేశ్వర్, పంచగని వైపు సరుకే. 2010లో ఆ స్ట్రాబెర్రీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంత దూరం లారీలో రావాలంటే కాయ గట్టిగా ఉండాలి, పూర్తిగా ఎర్రబడకముందే కోయాలి. స్ట్రాబెర్రీ మామిడిలా మాగదు. కోశాక రంగు తిరుగుతుందేమో గానీ తీపి పెరగదు. కామరోసా గట్టి కాయ, ప్రయాణానికి బాగా ఆగుతుంది. స్వీట్ చార్లీ మెత్తన, పులుపు తక్కువ. దూరం పంపాలంటే తంటా గానీ, డాబా మీంచి వంటింట్లోకి రావడానికి దానికేం కాదు. నన్నడిగితే ఇంటికి అదే.

అపోహ: విత్తనాలు తెచ్చుకుంటే చవక.

నీలం, నలుపు స్ట్రాబెర్రీ విత్తనాలంటూ ఆన్‌లైన్‌లో అమ్మేవి నమ్మకండి, అలాంటి పండ్లే లేవు. పండు మీది గింజలు గీకి మొలిపించొచ్చు, మొలుస్తాయి కూడా. కాకపోతే ఇవన్నీ సంకరాలు, తల్లి గుణం రాదు. రకం నిలవాలంటే తీగ కొసన వేళ్లు పోసుకున్న పిలక మొక్కే కావాలి. కొనేటప్పుడు ఆకు తిప్పి చూడండి: అడుగున సన్నటి బూజుగూడు, ఆకు మీద లేత చుక్కలు ఉంటే ఎర్రనల్లి. ఎంత మంచి రకమైనా ఆ మొక్క వద్దు. నాటేటప్పుడు ఆకులు పుట్టే మొదలు మట్టికి సమంగా ఉండాలి. పూడ్చేస్తే కుళ్లుతుంది, పైకి తేలితే వేళ్లు ఎండుతాయి.

అపోహ: కాయలు వంకరగా వస్తే రకం మంచిది కాదు.

వంకర పోయిన చోట గింజలు చూడండి. మిగతా చోట్ల గింజ నిండుగా ఉంటుంది, అక్కడ మాత్రం చిన్నగా, దగ్గరదగ్గరగా, ఎదగకుండా ఉంటుంది. పరాగం అందని గింజలవి, వాటి చుట్టూ గుజ్జు ఉబ్బదు. అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తుకు తేనెటీగలు తక్కువ వస్తాయి, పొద్దున మెత్తటి కుంచెతో పువ్వు మధ్య చుట్టూ తిప్పితే సరి. రెండు రకాలు పక్కపక్కన పెట్టాలన్నది కూడా ఉత్తమాటే, ఒక్క మొక్క ఉన్నా కాస్తుంది.

ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అదీ రకం తప్పు కాదు, చాలాసార్లు మన బోరు నీళ్ల తప్పు. స్ట్రాబెర్రీకి మట్టి ఉదజని సూచిక (పీహెచ్) 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి, ఉప్పు పడదు. సున్నం ఎక్కువున్న నీళ్లు పోస్తే మట్టిలో ఇనుమున్నా మొక్కకు అందదు. యూరియా వేసి లాభం లేదు. నల్లా నీళ్లు, పట్టి ఉంచిన వాన నీళ్లు వాడండి.

అపోహ: మొక్కను కాపాడుకుంటే రెండో ఏడు రెట్టింపు కాపు.

చల్లటి ప్రాంతాల్లో కొంత నిజం. ఇక్కడ మే ఎండకు సగం చస్తుంది, ఆ పైన వానాకాలంలో వేరుకుళ్లు. షేడ్ నెట్ కింద ఒకటి రెండు బతికించుకుంటే సరదా, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. బంతి, చామంతిలాగే దీన్నీ సీజన్ మొక్కగానే చూడండి, ఏటా కొత్త నారు తెచ్చుకోండి.

మొదటిసారి పెట్టేవాళ్లు స్వీట్ చార్లీ, వింటర్ డాన్ చెరో ఆరు మొక్కలు తీసుకుంటే చాలు. కనీసం ఆరు గంటల ఎండ, కాపు మీదున్నప్పుడు తీగలు కత్తిరించడం, పండు మట్టికి తగలకుండా కింద వరిగడ్డి. వల మాత్రం కాయ రంగు తిరగకముందే కట్టండి, మీకంటే ముందు ఉడతలకు తెలుస్తుంది.