మెడికోల పరిశోధన పీహెచ్‌సీ దాకా ఎందుకు రాలేదు?

ఎంబీబీఎస్ చదువుతూ పరిశోధన చేయాలనుకునేవాళ్లలో చాలామందికి మన దగ్గర ముందుగా గుర్తొచ్చేది ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇచ్చే ఎస్‌టీఎస్, అంటే షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్. 1979లో మొదలైన పథకం ఇది. ప్రపోజల్ ఎంపికైతే రెండు నెలలు పనిచేసి రిపోర్టు ఇవ్వాలి. గైడ్‌గా ఉండేది కాలేజీ ఫ్యాకల్టీ కాబట్టి, సబ్జెక్టు కూడా చాలాసార్లు ఆ కాలేజీ ఆస్పత్రి వార్డుల్లోంచే పుడుతుంది.

జనం జబ్బుల్లో ఆ వార్డుల దాకా వచ్చేవి ఎన్ని? 1961లో అమెరికా వైద్య పరిశోధకుడు కెర్ వైట్, ఆయన సహచరులు అమెరికా, బ్రిటన్ వివరాలతో ఒక అంచనా కట్టారు. వెయ్యి మంది పెద్దవాళ్లను తీసుకుంటే నెలలో 750 మందికి ఏదో ఒక అనారోగ్యం ఉంటుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లేది 250 మంది. ఆస్పత్రిలో చేరేది 9 మంది. యూనివర్సిటీ ఆస్పత్రికి చేరేది ఒక్కరు. మన లెక్కలు వేరుగా ఉండొచ్చు గానీ, ఆ ఒక్కరిని చూసి మిగతా అందరి వైద్యం నేర్చుకోవడం ఎలా అన్న ప్రశ్న మనకూ వర్తిస్తుంది.

పల్లె డాక్టర్ పరిశోధన చేయగలడని అంతకుముందే రుజువైంది. ఇంగ్లండ్‌లోని వెన్స్‌లీడేల్‌లో విలియం పికిల్స్ ప్రాక్టీస్ చేసేవారు. 1929లో అక్కడ కామెర్లు వ్యాపించాయి. పొద్దున మంచం మీద నీరసంగా పడి ఉండగా ఆయన చూసిన పనమ్మాయి, తర్వాత ఊరి సంబరంలో కనిపించింది. అక్కడ ఆమెను ఎవరెవరు కలిశారో, వాళ్లకు ఎన్నాళ్లకు కామెర్లు వచ్చాయో ఆయన ఆరా తీశారు. జబ్బు సోకాక బయటపడటానికి దాదాపు నెల పడుతుందని అలా తేల్చారు. ఆయన దగ్గరున్నదల్లా నోటుపుస్తకం, ఊళ్లో అందరితో పరిచయం. 1963లో ఎడిన్‌బరోలో జనరల్ ప్రాక్టీస్‌కు ప్రొఫెసర్ పదవి వచ్చింది. పల్లె, వీధి క్లినిక్‌ల వైద్యానికి యూనివర్సిటీలో ఒక చోటు దొరికినట్టయింది.

మన దగ్గర ఆలోచన లేక కాదు. మెడికోలకు సామాజిక వైద్యం నేర్పాలని 1946లోనే, దేశ ఆరోగ్య వ్యవస్థ ఎలా ఉండాలో సూచించిన భోర్ కమిటీ చెప్పింది. కాలేజీల్లో ఎస్‌పీఎం (సామాజిక, నివారణ వైద్యం) విభాగాలు వచ్చాయి. వైద్య విద్యపై శ్రీవాస్తవ కమిటీ ఇచ్చిన నివేదిక తర్వాత 1977లో వచ్చిన రోమ్ (రీఓరియెంటేషన్ ఆఫ్ మెడికల్ ఎడ్యుకేషన్) పథకం, మెడికల్ కాలేజీలకు గ్రామీణ బ్లాకుల బాధ్యత అప్పగించింది. ఆ ఉత్సాహం నిలబడలేదు. జనరల్ ప్రాక్టీస్‌కు, ఫ్యామిలీ మెడిసిన్‌కు మాత్రం చాలా కాలేజీల్లో ఈరోజుకీ విభాగమే లేదు. విభాగం లేనప్పుడు ఆ ప్రశ్నలు అడిగే గైడ్ ఎక్కడ దొరుకుతారు? భారమంతా ఎస్‌పీఎం మీదే పడింది.

టైమ్ ఇంకో చిక్కు. బీపీ మాత్రలు నెలకు సరిపడా ఇస్తే, రెండు నెలల ప్రాజెక్టులో ఒక పేషెంటు మహా అయితే రెండు మూడుసార్లు కనిపిస్తాడు. ఓపీ రిజిస్టర్ చూద్దామంటే పేరు, వయసు, ఊరు, జ్వరమనో నొప్పులనో ఒక మాట, ఇచ్చిన మాత్రలు, అంతే. అదే మనిషి పది రోజులకు మళ్లీ వస్తే కొత్త నంబరు, కొత్త వరుస. తగ్గిందో లేదో పుస్తకం చెప్పదు. అందుకే విద్యార్థులు ప్రశ్నాపత్రం పట్టుకుని ఒక్కసారి ఇల్లిల్లూ తిరిగి, షుగర్ గురించి ఎంతమందికి తెలుసు, ఎంతమందికి తెలియదు అని లెక్కేసి వస్తారు. కష్టపడతారు, రిపోర్టు రాస్తారు. ఆ పీహెచ్‌సీ డాక్టర్‌కు దానివల్ల ఒరిగేది తక్కువ.

2022లో ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) తెచ్చిన కుటుంబ దత్తత కార్యక్రమం నాకు ఆశ కలిగించేది ఈ టైమ్ విషయంలోనే. ఫస్టియర్‌లోనే కొన్ని కుటుంబాలను అప్పగించి, తర్వాతి సంవత్సరాల్లోనూ వాళ్ల దగ్గరికే పంపుతారు. బీపీ మాత్రలు ఎవరు ఆపేశారు, ఎప్పుడు, ఎందుకు అని ఏళ్ల తరబడి చూసే వీలు ఉన్నది ఈ విద్యార్థులకే. ఇప్పుడది లాగ్‌బుక్ నింపే పనిగా మారకూడదు. ఎస్‌టీఎస్ ప్రపోజల్ ఆ కుటుంబాల మీదే రాయించాలి. ఏం తెలుసుకోవాలో ముందు ఆ ఊరి ఏఎన్‌ఎంను, పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌ను అడగాలి. ఆ ఆఫీసర్‌కు కో-గైడ్‌గా చోటివ్వాలి.