ఇంకు తాగేదెవరు? ప్రింటర్ ఖర్చుల మీద అపోహలు - వాస్తవాలు

విశాఖలో ప్రింటర్లు బాగుచేస్తూ, లేజర్ ప్రింటర్లలో వాడే పొడి, అంటే టోనర్, నింపుతూ బతుకుతున్నవాణ్ణి. షాపుకొచ్చేవాళ్ల మొదటి మాట దాదాపు ఒకటే: "పట్టుమని పాతిక కాగితాలు తియ్యలేదండీ, ఇంకు అయిపోయింది!" వాళ్లు అబద్ధం చెప్పడం లేదు.

అపోహ: ఎప్పటికప్పుడు గోడ దగ్గర స్విచ్ కట్టేస్తే ఇంకు మిగులుతుంది.

వాస్తవం: తడి ఇంకు చిమ్మే ఇంక్‌జెట్ విషయంలో జరిగేది దీనికి తలకిందులు. ప్రింటర్ మీది బటన్‌తో ఆపితే ఇంకు చిమ్మే హెడ్ పక్కకెళ్లి రబ్బరు మూత మీద కూర్చుంటుంది, గాలి తగలదు. పని మధ్యలో గోడ దగ్గర కట్టేస్తే ఉన్నచోటే ఆగి, సన్నటి రంధ్రాల్లో ఇంకు ఎండిపోతుంది. మళ్లీ ఆన్ చేయగానే చాలా ప్రింటర్లు హెడ్‌ను కడుక్కుంటాయి. కడిగేది నీళ్లతో కాదు, మీరు కొన్న ఇంకుతోనే. ఆ ఇంకంతా అడుగునున్న స్పాంజిలోకి పోతుంది. నలుపే వాడుతున్నా రంగులు తగ్గడానికి ఇదొక కారణం.

గీతలు పడుతున్నాయని వరసగా పదిసార్లు క్లీనింగ్ కొట్టేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. రెండుసార్లు కొట్టి చూడండి. తేడా లేకపోతే రాత్రంతా వదిలేసి పొద్దున్న మళ్లీ చూడండి. వారానికొక రంగు పేజీ తీస్తుంటే ఈ బాధ చాలావరకు ఉండదు.

అపోహ: 'టోనర్ లో' (Toner Low, అంటే పొడి తగ్గింది) అని వస్తే వెంటనే మార్చేయాలి.

వాస్తవం: అది చాలావరకు ఒక అంచనా. అక్షరాలు పాలిపోయేదాకా వాడుకోండి. తర్వాత కార్ట్రిడ్జ్ తీసి అటూ ఇటూ మెల్లగా నాలుగైదుసార్లు ఊపితే పొడి సర్దుకుని ఇంకొన్ని పేజీలొస్తాయి. ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌తో మాత్రం ఈ సాహసం వద్దు. ట్యాంకు మీది కింది గీత కంటే ఇంకు తగ్గితే గొట్టాల్లోకి గాలి చేరుతుంది.

అపోహ: రెండు వేల పేజీలన్నారు, ఐదొందలే వచ్చాయి, మోసం!

వాస్తవం: హెచ్‌పీ 12ఏ లాంటి కార్ట్రిడ్జ్‌కి చెప్పే 2000 పేజీల లెక్క, కాగితంలో సుమారు 5 శాతమే నలుపు పడుతుందని వేసింది. అంటే ఒక మామూలు ఉత్తరం. ఆంధ్రా యూనివర్సిటీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులో ఫొటోలు, నల్ల చార్టులు కలిపి 20 శాతం ఉంటే ఐదొందలే వస్తాయి. డ్రాఫ్ట్‌కి పొడి తక్కువ వాడే ఎకానమీ మోడ్ పెట్టండి.

అపోహ: రీఫిల్ చేస్తే ప్రింటర్ పోతుంది.

వాస్తవం: నా కూడు అదే కాబట్టి నా మాట కొంచెం తగ్గించే వినండి. ఆ కార్ట్రిడ్జ్‌కి సరిపడే పొడి పోసి, వాడేసిన పొడి చేరే గదిని దులిపితే ప్రింటర్‌కి ఏమీ కాదు. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి దులపకుండానే ఇచ్చేశాను. ఓ కోచింగ్ సెంటర్ పరీక్ష పేపర్ల నిండా నల్ల మరకలు, నాకు తిట్లు. అయితే 12ఏ లాంటివాటిలో పొడిని కాగితం మీదికి చేర్చే డ్రమ్ లోపలే ఉంటుంది, అది అరుగుతుంది. ఒకే చోట మళ్లీ మళ్లీ మచ్చ పడుతుంటే డ్రమ్ మార్చించండి, ఇంకోసారి పొడి పోయించి లాభం లేదు.

నెలకు పది పేజీలు, అదీ నలుపే అయితే లేజర్ కొనుక్కోండి. పొడి కాబట్టి ఎండిపోదు. కాకపోతే మన సముద్రపు తేమకు విప్పిన ఏ4 కట్ట మెత్తబడి, ముడుచుకుని, లోపల ఇరుక్కుంటుంది. మిగిలిన కాగితాలు కవర్లో చుట్టి బీరువాలో పెట్టండి.