బంగారపు బొట్టు కింద మొలిచే తీగ

"వెంట్రుకలో వెయ్యో వంతు మందమున్న సిలికాన్ తీగను ఎలా సాగదీస్తారు సార్?" అని ఇంటర్ చదివే ఒక అమ్మాయి అడిగింది. ప్రశ్నలోనే చిన్న పొరపాటుంది, అదే నాకు నచ్చింది. కంసాలి కమ్మచ్చు రంధ్రంలోంచి బంగారాన్ని లాగి తీగ తీస్తాడు. సిలికాన్‌ను అలా లాగితే పుటుక్కున విరుగుతుంది. అందుకని దాన్ని మొలిపిస్తారు.

విత్తనం బంగారమే. బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, సిలికాన్ 1414 దగ్గర. వందలో సుమారు 19 అణువులు సిలికాన్‌వి అయ్యేలా రెండూ కలిస్తే మాత్రం 363కే నీరైపోతాయి! రేడియో రిపేరు షాపులో టంకం సంగతీ ఇదే. తగరానికి 232, సీసానికి 327 కావాలి, వాటి మిశ్రమానికి 183 చాలు.

ఇప్పుడు పటికబెల్లం గుర్తు తెచ్చుకోండి. చిక్కటి పాకంలో దారం వేలాడదీస్తే, పాకం చల్లారేకొద్దీ పట్టలేని చక్కెర దారం మీద పలుకులు కడుతుంది. మన బంగారపు బొట్టు కూడా పాకమే, అందులో చక్కెర సిలికాన్. వేడి గొట్టంలోకి సిలేన్ అనే, సిలికాన్, హైడ్రోజన్ కలిసిన వాయువు పంపుతారు. బొట్టును తాకిన సిలేన్ విడిపోయి హైడ్రోజన్ ఎగిరిపోతుంది, సిలికాన్ బొట్టులో కరుగుతుంది. ఇక్కడ పాకం చల్లారదు, వేడి అలాగే ఉంటుంది. కానీ పైనుంచి చక్కెర పడుతూనే ఉంటుంది కాబట్టి మిగులు ఎక్కడో ఒకచోట బయటికి రావాలి. బొట్టు అడుగున సిలికాన్ స్ఫటికం సిద్ధంగా ఉంది, దానిమీదే పొరలు పొరలుగా పేరుకుంటుంది. బొట్టు పైకి లేస్తుంది, తాను కడుతున్న గోడ మీదే కూర్చుని ఇంకా పైకి కట్టే మేస్త్రిలా. బొట్టు ఎంత వెడల్పో తీగ దాదాపు అంత లావు.

వేడి మరీ పెంచితే సిలేన్ బొట్టు కోసం ఆగదు, తీగ పక్కల మీద కూడా పేరుకుంటుంది. అప్పుడు వచ్చేది తీగ కాదు, ముల్లంగి.

ఈ పద్ధతిని 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో వాగ్నర్, ఎల్లిస్ వివరించారు. వాళ్లు వాడింది సిలికాన్ టెట్రాక్లోరైడ్, హైడ్రోజన్. పేరు కూడా ముక్కుసూటిగా పెట్టారు: ఆవిరి–ద్రవం–ఘనం.

బొట్టు చిన్నదయ్యేకొద్దీ దాని వంపు పెరిగి, బొట్టులోని సిలికాన్ రసాయన పొటెన్షియల్, అంటే అక్కడినుంచి బయటపడాలనే తపన, పెరుగుతుంది. సిలికాన్‌ను బొట్టులోకి నెట్టేది వాయువుకూ బొట్టుకూ మధ్య ఈ తపనలో ఉన్న తేడాయే, అది తగ్గిపోతుంది. సోవియట్ శాస్త్రవేత్త గివార్గిజోవ్ 1975లో పెరుగుదల వేగపు వర్గమూలాన్ని తీగ వ్యాసపు విలోమానికి ఎదురుగా గ్రాఫు గీస్తే సరళరేఖ వచ్చింది. అంటే సన్నతీగ మెల్లగా పెరుగుతుంది, ఒక హద్దు దాటి సన్నదైతే అసలు పెరగదు. ఇది అర్థం కాకపోయినా టెన్షన్ పడకండి, నాకూ రెండోసారి చదివితేగానీ ఎక్కలేదు.

ఇనుమును బంగారం చేసే పరుసవేది కోసం మనవాళ్లు తరాల తరబడి వెతికారు. ఇక్కడ బంగారమే పరుసవేది, రసాయన భాషలో చర్యను నడిపించే ఉత్ప్రేరకం! "ఉత్ప్రేరకం చర్యలో ఖర్చు కాదు" అని పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి, ఈ గొట్టంలో మాత్రం ఖర్చవుతుంది. 2006లో ఐబీఎం పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే, బంగారం ఒక తీగ ఒళ్లంతా పాకి పక్క తీగ నెత్తికెక్కుతోంది. కొన్ని బొట్లు ఉబ్బి వాటి తీగలు లావెక్కాయి. కొన్ని చిక్కి చిక్కి మాయమయ్యాయి, వాటి కింది తీగలు మొన తేలి అక్కడితో ఆగిపోయాయి. చిప్ ఫ్యాక్టరీలవాళ్లు బంగారాన్ని గుమ్మం తొక్కనివ్వకపోవడానికి కారణం వేరే ఉంది. సిలికాన్‌లోకి చేరిన బంగారపు అణువు దారినపోయే ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటుంది.