పటాన్‌చెరు పైపులో సెన్సర్‌కి కనబడనిది

గట్టిగా నాలుగు వానలు పడితే చాలు, హైదరాబాద్ పక్కన మందుల ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి వైపు పాత గొడవ మళ్లీ లేస్తుంది. వాగులో నురగ, అర్ధరాత్రి దాటాక ముక్కుపుటాలదిరే వాసన. ఫిర్యాదు చేస్తే వచ్చే జవాబే ఈమధ్య మారింది: ఫ్యాక్టరీ పైపుల్లోని సెన్సర్లు పంపే ఆన్‌లైన్ రీడింగులన్నీ లిమిట్‌లోనే ఉన్నాయండీ! ఇప్పుడు దానికి ఏఐ కూడా తోడవుతోంది, ఇక తప్పు చేసినవాడు తప్పించుకోలేడట.

ఇక్కడి నక్కవాగు ఫ్యాక్టరీల మురుగుతో ఎలా పాడైందో, రైతులు సుప్రీంకోర్టు గడప ఎందుకు తొక్కారో తెలిసిన కథే, వదిలేద్దాం. నన్నడిగితే అసలు మలుపు 2007. దాదాపు 90 మందుల కంపెనీల మురుగు వచ్చి చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి చేశాక బయటికి పోయే నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, ఫలితాలు ఆ ఏడాది బయటపెట్టారు. సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయోటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అప్పట్లో రోజుకు సుమారు 45 కిలోల మందు నీళ్లలో కలిసి పోయేదన్నమాట. మరి ఇక్కడ ఎవరూ ఎందుకు పట్టుకోలేదంటే, రూలు ప్రకారం కొలవాల్సిన జాబితాలో ఆ మందు పేరే లేదు.

2014 ఫిబ్రవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, మందుల తయారీ సహా 17 రకాల పరిశ్రమలు ఆన్‌లైన్ సెన్సర్లు పెట్టాల్సిందేనంది. పెట్టారు. అవి కొలిచేది పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), సీఓడీ, బీఓడీ (నీళ్లలోని మురికి కరగడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్కలు), ఫ్లో (ఎంత నీరు పోతోంది), అంటే మళ్లీ ఆ పాత జాబితానే. పైగా చాలా చోట్ల సీఓడీ ప్రోబ్, అంటే నీళ్లలో ముంచే సెన్సర్, రసాయన పరీక్షేమీ చేయదు, నీళ్లలోకి అతినీలలోహిత కాంతి పంపి, ఎంత పీల్చుకుందో చూసి అంచనా కడుతుంది. దాని గాజు మీద జిగురులాంటి పొర పేరుకుంటే లెక్క తప్పుతుంది, తుడవాల్సింది ఫ్యాక్టరీ మనిషే. ప్రోబ్‌ని మంచినీళ్ల బకెట్లో ముంచి ఉంచే ఘనులూ ఉన్నారని ఆ పనిలో ఉన్నవాళ్లే చెప్పుకుంటారు.

ఊళ్లవాళ్ల మాట ఇంకా సూటిగా ఉంటుంది. సెన్సర్ ఉన్న పైపులోంచి వదిలితే కదా అది పట్టుకునేది? వాన దంచికొడుతున్న రాత్రి వదిలేస్తారు, పొద్దున శాంపిల్ పట్టడానికి ఎవరో సీసాతో వచ్చేసరికి వాగు కాస్త తేటపడి ఉంటుంది.

2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది, మందుల ఫ్యాక్టరీల నీళ్లలో యాంటీబయోటిక్‌లకు పరిమితులు పెడతామని. అవి మరీ కఠినమన్నది పరిశ్రమ వాదన. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయం.

ఏఐకి చేతనయ్యే పని లేదని కాదు. గంటల తరబడి గీతలా కదలని రీడింగ్‌ని అది ఇట్టే పట్టేస్తుంది. సూరత్‌లో 2019లో పొగగొట్టాల సెన్సర్ల ఆధారంగా ఉద్గారాల మార్కెట్ (ధూళి వదిలే పర్మిట్లను ఫ్యాక్టరీలు కొని అమ్ముకునే పద్ధతి) పెడితే, అందులో చేరిన ఫ్యాక్టరీల ధూళి 20-30 శాతం తగ్గింది. కాకపోతే అక్కడ కొలవమన్నది ధూళినే, తగ్గిందీ ధూళే. ఇక్కడి పైపులో సిప్రోఫ్లాక్ససిన్‌ని కొలవమని ఏ ప్రోబ్‌కీ ఎవరూ చెప్పలేదు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయోటిక్ ఫ్యాక్టరీల మురుగుపై మార్గదర్శకాలిచ్చింది గానీ, అవి సలహాలే.